బూటు అడుగున వంకర

నా భార్య మోకాలిని పాడుచేసింది ఎవరో తేలడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ ఆ మనిషి రోజూ సాయంత్రం ఆమె పక్కనే కూర్చుని, గుడ్డలో ఐసు ముక్కలు చుట్టి అదే మోకాలికి పెడుతూ వచ్చాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ తనను తానే పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ దొంగను నేనే.

నేను ఫోటోలకు ఫ్రేములు కడతాను. ముప్ఫై రెండేళ్లుగా అదే పని. నా దుకాణం గోడల నిండా ఫ్రేములే, ఒక్కటీ వంకరగా ఉండదు. ఎవరింటికి వెళ్లినా ముందు గోడ మీది పటాన్ని సరిచేసి తర్వాత కూర్చుంటాను. ఓసారి పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకుని కూడా ఎదుటి గోడ మీది క్యాలెండరు ఎడమకు వాలిందని చేత్తో సైగ చేశాను. ఇది జబ్బు అంటుంది మా మరదలు. కావచ్చు. ఆ జబ్బే మాకు ఇన్నేళ్లూ అన్నం పెట్టింది.

నా భార్య బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఏ నిమిషానికి గేటు దాటిందో రాసేది ఆమె. డ్రైవర్లు 'టైము మేడమ్' అంటారు. అయిదు నలభైకి బయలుదేరాల్సిన బండి అయిదు నలభై రెండుకు కదిలితే ఆ రెండు నిమిషాలకూ జవాబు చెప్పించుకునేదాకా వదలదు. ఇంట్లోనూ అంతే.

పంతొమ్మిదేళ్ల క్రితం ఆమె డిపో మెట్ల మీద జారి పడింది. ఎడమ కాలి ఎముక మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఎముక అతికింది గానీ పాదం కాస్త బయటి వైపు తిరిగి అతికింది. నడక వస్తుంది, చేతికర్ర మాత్రం తప్పకపోవచ్చు అన్నారు. అప్పటికి ఆమెకు ముప్ఫై అయిదేళ్లు. ఆ రోజే ఆమె చేతికి కర్ర ఇచ్చి పంపారు. ఇంటికొచ్చి ఆ కర్రను తలుపు వెనక పెట్టి, సైకిలు కావాలంది.

సైకిలు తొక్కితే కాలికి మంచిదని ఆసుపత్రిలో కసరత్తులు నేర్పే ఆవిడ చెప్పిందట. చెప్పడం తేలిక. తొక్కబోతే ఎడమ పాదం పెడల్ మీద నిలవదు. పది తొక్కులకోసారి జారిపోయి, పెడల్ తిరిగొచ్చి కాలి ముందెముకకు తగిలేది. అక్కడి మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడు మా వీధి చివరి సైకిలు మెకానిక్ దగ్గరకు వెళ్లింది. అందరూ ఆయన్ను పెద్దాయన అంటారు. అప్పటికే అలా అనేవారు, అప్పుడాయనకు యాభయ్యే.

పాదం జారుతుంటే దాన్ని కట్టేద్దాం అన్నాడాయన. క్లిప్‌లెస్ పెడల్స్ వేశాడు. పేరులో క్లిప్ లేదంటారు, తీరా చూస్తే కాలిని పట్టేసుకుని వదలవు. బూటు అడుగున మూడు మరలతో బిగించిన అరచేతిలో సగముండే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని క్లీటు అంటారు. దాని ముందు కొనను పెడల్‌లో దూర్చి మడమతో నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. విడిపించుకోవాలంటే మడమను బయటికి తిప్పాలి. తిప్పడం మర్చిపోయి ఆగారా, మనిషీ సైకిలూ కలిసి పక్కకు ఒరిగిపోతారు.

ఆ క్లీట్లను ఆమె బూట్లకు బిగించిన రోజు నేను దుకాణంలో ఉన్నాను. పెద్దాయన ఏం చేశాడో, ఎలా చేశాడో చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మొదటి నెలలో ఆమె మూడుసార్లు పడింది. మొదటిసారి మా గేటు ముందే, నిలబడ్డ చోట, నింపాదిగా. రెండోసారి పాలవాడి ముందు. మూడోసారి సిగ్నలు దగ్గర, కిక్కిరిసిన బస్సు పక్కన. ఆ బస్సు ఆమె డిపోదే. డ్రైవరు కిందికి దిగి, లేవదీసి, మేడమ్ మీరు పడిన టైము ఎనిమిది పదకొండు, రాసుకోమంటారా అని అడిగాడట. ఆ మాట ఇంటికొచ్చి చెప్పి ఆమె కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. కాలు విరిగాక అలా నవ్వడం అదే మొదలు. నేను పెద్దాయనకు రుణపడింది ఆ రోజే అనుకుంటాను.

ఆ తర్వాత పడలేదు. ఆగాల్సి వస్తుందని తెలియగానే, ఆగే చోటు ఇంకా పది గజాలుండగానే కుడి మడమ దానంతటదే తిరగడం నేర్చుకుంది. ఎప్పుడూ కుడి కాలే కింద పెట్టేది. ఎడమది పెడల్‌లోనే ఉండేది. పాదం జారుతుందన్న భయం పోయేసరికి ఎడమ కాలు మెల్లగా పని నేర్చుకుంది. కిందికి తొక్కడమే కాదు, పైకి లాగడం కూడా. ఏడాది తిరిగేసరికి తొడ కండ రెండు కాళ్లకూ సమానమైంది. తలుపు వెనక కర్ర అక్కడే ఉండి బూజు పట్టింది. ఇంటి నుంచి డిపోకు పద్నాలుగు కిలోమీటర్లు. పంతొమ్మిదేళ్లు ఎండలో, వానలో ఆ దారినే వెళ్లొచ్చింది. ఆదివారాలు ఇంకా దూరం.

బూట్లు నాలుగు జతలు మారాయి. పెడల్స్ అవే. క్లీట్లు మాత్రం రెండేళ్లకోసారి అరిగిపోయేవి. పెద్దాయన దగ్గరకు వెళ్లేది, మార్పించుకుని వచ్చేది. నేనెప్పుడూ తలదూర్చలేదు. నా సైకిలుకు మామూలు పెడల్సే, నా వెనకబాటు కూడా మామూలే. ఆమె కొండ ఎక్కేసి అవతలి వైపు దిగేటప్పటికి నేను కొండ మొదట్లో నీళ్లు తాగుతుంటాను.

ఈ ఏడాది పెద్దాయన కళ్లకు పొర వచ్చింది. ఒక కంటికి, తర్వాత రెండో కంటికి ఆపరేషన్. దుకాణం రెండు నెలలు మూత. సరిగ్గా అప్పుడే ఆమె కుడి క్లీటు అరిగి, పెడల్‌లో సరిగా పట్టడం మానేసింది. రోడ్డు మధ్యలో ఒకసారి ఊడింది. పెద్దాయన వచ్చేదాకా ఆగుదామంది ఆమె. నేను ఆగలేదు. రోజూ వందల మరలు బిగించే చేతులు నావి, మూడు మరలు బిగించలేనా.

ఆదివారం ఆమె వాళ్ల చెల్లెలింటికి వెళ్లినప్పుడు బూట్లు బల్ల మీద పెట్టాను. అరిగింది కుడిదే. ఎడమది ఇంకో ఏడాది వస్తుంది. కానీ జతలో ఒకటి కొత్తది, ఒకటి పాతది నేను ఉంచలేను. అది నా వల్ల కాదు. రెండూ తీశాను. అప్పుడు చూశాను ఎడమది. క్లీటు ముక్కు బొటనవేలి వైపుకు తిరిగి ఉంది. కొంచెం కాదు, నా కంటికి బాగానే కనపడేంత వంకర. పాపం పెద్దాయన, కళ్లు పోయి ఎలా బిగించాడో చూడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, జాలితో పాటు కాస్త గర్వం కూడా కలిగింది. ఆయన పొరపాటును నేను పట్టుకున్నానన్న గర్వం.

బూటు అడుగును స్పిరిటుతో తుడిచాను. పాత క్లీటు తాలూకు ముద్ర కూడా లేకుండా చేశాను. మడమ మధ్య నుంచి వేళ్ల మధ్యకు పెన్సిలుతో గీత గీశాను. గీత మీద కొత్త క్లీట్లను గుండుసూది తేడా లేకుండా బిగించాను. పాతవి చెత్తబుట్టలో పడేశాను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆమె సంతోషించింది. కొత్తవి కదా, బిగుతుగా ఉన్నాయి, అలవాటవుతాయి అంది. ఆ మరుసటి ఆదివారం నూట నలభై కిలోమీటర్లు వెళ్లింది. మోకాలు నొప్పి ఆ సాయంత్రమే మొదలైంది, లోపలి వైపు. అందరం ఆ నూట నలభై మీద పడ్డాం. దోషి దొరికాక ఇంకొకరిని ఎవరు వెతుకుతారు? వారం ఆగి మళ్లీ ఎక్కింది. డిపోకు వెళ్లేటప్పటికి కాలు మడవలేకపోయింది. మళ్లీ వారం ఆగింది, మళ్లీ ఎక్కింది, మళ్లీ అదే.

డాక్టరు నొక్కి చూశాడు, ఎక్స్‌రే తీయించాడు. ఎప్పుడో విరిగిన ఎముక, యాభై నాలుగేళ్ల వయసు, అరిగిన మోకాలు. ఇక సైకిలు వద్దు, ఈత కొట్టండి అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన చూసింది మోకాలిని. బూటును ఆయనకెవరు చూపించారు?

ఆమె డిపోకు బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూడదని ఒక డ్రైవరు నాతో చెప్పాడు. ఒళ్లో చేతులు పెట్టుకుని చేతుల్నే చూసుకుంటుందట. ఆరో వారం ఒక రోజు సైకిలును తుడిచి, గొలుసుకు నూనె వేసి, చెల్లెలికిచ్చేస్తానంది. మూలన పెట్టి రోజూ చూడలేనంది. నేను వద్దనలేదు. వద్దని ఏం చెప్పను, ఏం చూసి చెప్పను?

మా మరదలు రెండు వీధుల అవతల ఉంటుంది. బేకరీ నడుపుతుంది. అక్క కన్నా తొమ్మిదేళ్లు చిన్న, నోరు మాత్రం అక్క కన్నా రెండింతలు. ఇద్దరి పాదాలూ ఒకే కొలత. శనివారం మధ్యాహ్నం సైకిలూ బూట్లూ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె బేకరీ వెనక సందులో గోడ పట్టుకుని టక్కుమనిపించి, ఒక చుట్టు తిరిగి వచ్చింది. దిగుతూ, బావా, ఈ బూట్లు మార్చారా అని అడిగింది. లేదన్నాను.

"మరి అప్పట్లో ఒకసారి అక్కవి వేసుకుని తొక్కితే నా కాలు బాతు కాలులా పక్కకు పోయింది. ఇది చక్కగా నాకోసం కుట్టించినట్టుంది."

ఎప్పుడు తొక్కావని అడిగాను. రెండేళ్ల క్రితం, కొన్నేళ్ల ముందు కూడా ఓసారి అంది. రెండుసార్లూ ఎడమ కాలే, రెండుసార్లూ వంద గజాలకే దిగేసిందట.

అక్కడే, పిండి బస్తాల పక్కన నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఉండిపోయాను. పెద్దాయన కళ్లు పోయింది ఈ ఏడాది. వంకర మాత్రం ఏళ్ల నుంచీ ఉంది. అంటే అది పొరపాటు కాదు. ఎవరి కాలికీ పట్టని బూటు నా భార్య కాలికి పట్టిందంటే, ఆ కాలు ఎటు తిరిగి అతికిందో బూటూ అటే తిరిగి ఉంది కాబట్టి. దాన్ని తీసుకెళ్లి నేను ఇంకెవరి కాలికో సరిపోయేలా చేసిపెట్టాను.

ఎడమ బూటు ఇటివ్వు అన్నాను. ఇచ్చిన చేత్తోనే లాక్కుంటారా అంది. విషయం చెప్పక తప్పలేదు. మా మరదలు మాట పడిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అదీ ఎంతోసేపు కాదు.

"కుక్క తోకను సాపు చేసినవాళ్లే లేరు బావా. మీరు ఏకంగా మా అక్క కాలునే సాపు చేద్దామనుకున్నారు." రెండు బూట్లూ సంచిలో పెట్టి ఇస్తూ గొంతు తగ్గించింది. "ముందు దానికి చెప్పండి. ముసలిదాన్నైపోయానని నిన్న ఇక్కడ కూర్చుని ఏడ్చింది."

ముందు ఇంటికి వెళ్లాల్సింది. పిరికితనం వల్ల పెద్దాయన దగ్గరకు వెళ్లాను. దుకాణం సగం తలుపు తెరిచి ఉంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఇంకో నెల దాకా చిన్న మరలు కనపడవన్నాడు. నేను ఎడమ బూటు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిరగేసి, క్లీటు అంచు వెంట బొటనవేలు నడిపాడు. ముక్కు దగ్గరకు వచ్చి వేలు ఆగింది.

"దీన్ని ఎవరు సాపు చేశారు?"

నేనేనన్నాను. వంకర చూసి మీ కళ్లు పోయాయనుకున్నానని కూడా అన్నాను. అది చెప్పకపోయినా ఆయనకు తెలిసేది కాదు. కానీ సగం ఒప్పుకోవడం ఒప్పుకోవడం కాదు.

ఆయన బూటును ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా కళ్లు పోయిన మాట నిజమేలే. నీకు ఉండి ఏం లాభం?"

తిట్టినందుకు ప్రాణం కాస్త తేలికపడింది. తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పాడు. మొదటిసారి ఆమెను ఎత్తైన బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్లు గాలిలో వేలాడదీయమని, పాదం దానంతటది ఎటు చూస్తుందో అటే క్లీటు బిగించాడట. ఆ ఎముక అంతకన్నా లోపలికి రాదు. బలవంతాన తిప్పితే భారమంతా మోకాలి లోపలి వైపు పడుతుంది. కాలు ఒణుకుతోందని, క్లీటులో పాదం అటూ ఇటూ కదిలే రకం కాకుండా కదలకుండా పట్టే రకం వేశాడు. అందుకే వెంట్రుకవాసి తేడా వచ్చినా కాలికి తెలుస్తుంది. ఇంకొక మాట కూడా చెప్పాడు. క్లీట్లు మార్చిన ప్రతిసారీ ఆయన పాతదాన్ని అలాగే కొత్తదానికి దించలేదట. అరిగిన తీరు చూసి, ఆమెను మళ్లీ బల్ల మీద కూర్చోబెట్టి, కండ బలపడిన కొద్దీ పాదం ఎటు మారిందో చూసి, కాస్త కాస్త మారుస్తూ వచ్చాడు. తొమ్మిదిసార్లు.

పంతొమ్మిదేళ్లలో ఈ మాట మాకెప్పుడూ చెప్పలేదేమని అడిగాను. మీరు అడగలేదుగా అన్నాడు.

ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టబోతే కూడా తిడతాడని ఊరుకున్నాను. రేపు ఆమెను తీసుకురా అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి ఆమె డిపో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేశాను. వంకర చూడటం, సాపు చేయడం, పాతవి పారేయడం, పెద్దాయన బొటనవేలు. ఆమె ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టి, స్విచ్చి ఆపి, నా వైపు తిరిగింది.

"ఏ రోజు మార్చారు?"

చెప్పాను. గోడకున్న క్యాలెండరు దగ్గరకు వెళ్లి వేలితో వారాలు వెనక్కి లెక్కపెట్టింది. నొప్పి మొదలైన తేదీ మీద వేలు పెట్టింది, దానికి ఏడు రోజుల ముందు తేదీ మీద ఇంకో వేలు పెట్టింది. రెండు వేళ్ల మధ్య దూరాన్ని చూస్తూ నిలబడింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆలస్యంగా కదిలిన బండి డ్రైవరు ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాను.

"అంటే నా మోకాలికి ఏం కాలేదా?"

ఏం కాలేదనుకుంటా, పెద్దాయన అలాగే అన్నాడు అన్నాను.

"అరగలేదా?"

"అరిగింది నా బుర్ర."

ఆమె కుర్చీలో కూర్చుని చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని దగ్గరకు వెళ్లాను. నవ్వుతోంది. రెండూ అనుకుంటా. ఆరు వారాలుగా ఆమె తన కాలిని అనుమానించింది, వయసును అనుమానించింది, ఇక జీవితం కిటికీ పక్క సీటే అనుకుంది. ఇప్పుడు నేరం మొగుడిదని తేలింది. ఆమెకు అంతకన్నా మంచి వార్త ఉండదు.

కోపం మర్నాడు వచ్చింది, సక్రమంగా, పూర్తిగా. ముందు చెత్తబుట్ట గురించి, తర్వాత నేను సరిచేసిన ప్రతి పటం, ప్రతి తలుపు, ఒకసారి ఆమె జడ గురించి కూడా. అన్నీ విన్నాను. పెద్దాయన దుకాణం వచ్చేదాకా దారి పొడవునా విన్నాను.

ఆయన బల్ల మీద పనిముట్లు పక్కకు జరిపి ఆమెను కూర్చోబెట్టాడు. కాళ్లు గాలిలో వేలాడాయి. తర్వాత ఆయన నా చేతిలో మరలు తిప్పే అలెన్ కీ పెట్టాడు. నాకు కనపడదు, నువ్వు చూసి బిగించు అన్నాడు. నేను వెనక్కి జరిగాను. ఆ బూటును ముట్టుకునే అర్హత నాకు లేదన్నాను.

"వంకరను ఇంత చక్కగా పట్టే కన్ను ఈ వీధిలో ఇంకెవరికుంది? అప్పుడు బూటును చూశావు. ఇప్పుడు కాలును చూడు. అంతే తేడా."

మోకాళ్ల మీద కూర్చున్నాను. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆమె కాళ్లను అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి. మోకాలి చిప్ప ముందుకు చూస్తోంది. పాదం దాని దారిన అది బయటికి తిరిగి ఉంది, సిగ్గు లేకుండా, బెదురు లేకుండా. ముందెముక మీద పాత మచ్చలు. ఆ వంకరలో తప్పేమీ కనపడలేదు నాకు. ఒంట్లోకి దిగిపోయిన, వంకరను పట్టే నా రసమట్టం మొదటిసారి ఏమీ అనకుండా ఊరుకుంది.

అయిదు డిగ్రీలు అన్నాను. డిగ్రీలు నాకు తెలియవు, క్లీటు తిప్పు అన్నాడాయన. మరలు వదులు చేసి బొటనవేలి వైపు తిప్పాను. ఆయన వేలితో తడిమి, ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం తిప్పాను. ఆమె బూటు వేసుకుని, మరదలి దగ్గర్నుంచి తెచ్చి గోడకు ఆనించిన తన సైకిలెక్కి, పెడల్‌లో పెట్టి వెనక్కి నాలుగు చుట్లు తిప్పింది. మొహంలో ఏమీ లేదు. డిపోలో బస్సుల్ని చూసే మొహం. మడమ కాస్త లోపలికి అంది. విప్పాను, తిప్పాను, బిగించాను. అలా ముగ్గురం గంటసేపు ఆ ముక్కతో కుస్తీ పట్టాం. ఆయన వేలు, నా కన్ను, ఆమె కాలు. చివరికి ఆమె ఇంకేమీ మార్చమనకుండా తిప్పుతూనే ఉండిపోయింది. పెద్దాయన క్లీటు చుట్టూ సుద్దతో గీత గీయించాడు, మళ్లీ ఏ మహానుభావుడైనా శుభ్రం చేసేలోపు కొలత రాసి ఉంచుకోమన్నాడు.

మరదలికి సైకిలు లేకుండా పోయింది. అక్కకు తిరిగిస్తూ, దానం చేసినదాన్ని వెనక్కి తీసుకుంటే వచ్చే జన్మలో ఏమవుతారో తెలుసా బావా అని అడిగింది. తర్వాత తనే పెద్దాయన దగ్గర పాత సైకిలు ఒకటి చూసుకుని, చక్కటి క్లీట్లు వేయించుకుని, ఇప్పటికి రెండుసార్లు పడింది. రెండుసార్లూ నన్నే తిట్టింది.

వాపు తగ్గడానికి ఇంకో రెండు వారాలు ఆగమన్నాడు పెద్దాయన. ఆగింది. పదిహేనో రోజు అయిదు కిలోమీటర్లే, చదును రోడ్డు మీదే, నొప్పి అనిపిస్తే దిగి నడిపించుకుంటూ రావాలి అన్నది ఆయన షరతు. పొద్దున్న ఆరున్నరకు బయలుదేరింది. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. నేను గేటు దగ్గర నిలబడ్డాను.

ఆరు యాభై అయింది. ఏడయింది. సెలవు రోజు కాబట్టి వీధిలో ఎవరూ లేరు. ఎదురింటాయన మొక్కలకు నీళ్లు పోస్తూ ఏమిటన్నట్టు చూశాడు. ఏమీ లేదన్నాను. ఏడుంబావుకు దిగి నడిపించుకుంటూ వస్తోందేమో అనుకున్నాను. ఏడున్నరకు ఏదో రాతి మీద కూర్చుని మోకాలు పట్టుకుని ఉందని కళ్లకు కట్టినట్టు కనపడింది. నా సైకిలు బయటికి తీసి, చక్రంలో గాలి లేదని చూసి, గాలి కొట్టడం మొదలుపెట్టాను. పంపు రెండుసార్లు ఊడింది. ఇరవై ఏడేళ్లలో ఆమె చెప్పిన టైముకు రాకపోవడం నాకు గుర్తు లేదు. కాలు విరిగిన రోజు కూడా ఆలస్యమవుతుందని ఆసుపత్రి నుంచి కబురు పంపిన మనిషి.

ఏడు నలభై నాలుగుకు వీధి మలుపు తిరిగింది.

నడిపించుకుంటూ కాదు. తొక్కుతూ, వంగి, రెండు మోకాళ్లూ పైకీ కిందికీ ఒకే లయలో. చెమటతో మొహం మెరుస్తోంది. గేటు దగ్గరకు వచ్చేసరికి కుడి పాదం విడిపించుకుని నేల మీద పెట్టింది. ఎంత దూరం వెళ్లావని అడిగాను. డిపో దాటేశానంది. అంటే ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. అయిదు అని ఒప్పుకున్నది నువ్వే కదా, మోకాలు ఎలా ఉంది అని అడిగాను.

ఆమె వంగి మోకాలి వైపు చూసింది. అక్కడ అదొకటి ఉందని అప్పుడే ఎవరో చెప్పినట్టు చూసింది.

"దాని సంగతి గుర్తే రాలేదండీ," అంది. "అందుకే వెనక్కి తిరగడం కూడా గుర్తు రాలేదు."